మెడలో బంగినపల్లి టెంక

నా చిన్నప్పుడు మా బళ్ళో తెలుగులో మాట్లాడిన పిల్ల మెడలో మామిడి టెంక కట్టేవారు. ఈ సంగతి చెబితే ఇప్పటివాళ్ళకు నవ్వొస్తుంది. మా పక్కింటి కోడలికి ఒకసారి చెబితే, "నిజంగానా పిన్నిగారూ? రసం టెంకా?" అని అడిగింది. రసం టెంక కాదు. రసం టెంకకు పీచు ఎక్కువ, ఎన్నాళ్ళు ఎండబెట్టినా నున్నబడదు. అది బంగినపల్లి టెంక. వెడల్పుగా, పల్చగా, ఎందరో పిల్లల మెడల మీద అరిగి అరిగి చెక్క బిళ్ళలా తయారైంది. పై అంచున కాల్చిన సూదితో బెజ్జం పెట్టి, అందులోంచి తెల్ల నాడా దూర్చారు. నాడా పొట్టిది. తల మీంచి తీయడానికి వచ్చేది కాదు, మెడ వెనక ముడి విప్పాల్సిందే. చెప్పేదేదో ఉన్నదున్నట్టు చెప్పడం నా అలవాటు కాబట్టి ముందే ఇదంతా చెబుతున్నాను.

అది నూజివీడులో ఆడపిల్లల కోసం పెట్టిన ప్రైవేటు బడి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా పదేళ్ళు నిండని రోజులు. బడిని నడిపేది క్రైస్తవ స్త్రీలు. చదివేవాళ్ళలో సగం మంది వాళ్ళ సంఘం పిల్లలైతే, సగం మంది మాలాంటి తోటల రైతుల పిల్లలు. మా ఊరు రెడ్డిగూడెం దగ్గర. నాన్నకు మామిడి తోట, కొంచెం మాగాణి ఉండేవి. అమ్మ ముఖం నాకు గుర్తులేదు. నన్ను పెంచింది మా అక్క. తను ఊళ్ళో ఉన్న అయిదో తరగతితో ఆగిపోయింది కాబట్టి నేను ఆగకూడదని అక్క పట్టు. ఆడపిల్లను ఊరు దాటించి బోర్డింగులో పెట్టడం నాన్నకు ఇష్టం లేదు. అక్క రెండు రోజులు అన్నం మానేసి మరీ ఒప్పించింది. నన్ను బడిలో దింపడానికి తను కూడా వచ్చి, నా ట్రంకు పెట్టె గదిలో పెట్టి, "ఏడిస్తే మా పరువు పోతుందే, ఏడవకు" అని చెప్పి, గేటు దాటగానే తనే ఏడ్చింది.

బడిలో ఇంగ్లీషు తప్ప మరో మాట వినపడకూడదన్నది పెద్ద మేడమ్ గారి నియమం. ఆవిడ మద్రాసు నుంచి వచ్చిన మనిషి. తెలుగు అర్థమయ్యేది గాని మాట్లాడేవారు కాదు. చెడ్డ మనిషి అని నేననను. మేం పెద్ద ఉద్యోగాలకు పోవాలనీ, ఏ ఊరు వెళ్ళినా నోరు పెగలక నిలబడిపోకూడదనీ ఆవిడ ఉద్దేశం. అందుకు ఆవిడ కనిపెట్టిన సాధనం ఈ టెంక. పొద్దున ప్రేయరు అవగానే టెంక ఒకరి మెడలో ఉండేది. ఆ పిల్ల చెవులు రిక్కించుకుని తిరిగేది. ఎవరైనా తెలుగులో ఒక్క మాట జారితే వాళ్ళ మెడలో కట్టి తను బయటపడేది. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళకు ఆ రోజు ఆట లేదు. మిగతా రోజుల్లో శిక్ష ఇంతే. శనివారం మాత్రం వేరు. శనివారం సాయంత్రం గంటకు టెంక ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకు ఆదివారం లేనట్టే. ఇంటికి వెళ్ళకూడదు, గేటు దగ్గరకు వచ్చిన అమ్మానాన్నల్ని కూడా కలవకూడదు.

అందుకని శనివారం మధ్యాహ్నం నుంచి బడి మొత్తం మూగబోయేది. సైగలతోనే పనులన్నీ జరిగేవి. ఒకే ఒక్క వెసులుబాటు ఉండేది. మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ తప్పు కాదని పెద్ద మేడమ్ గారు ఒకసారి తీర్పు ఇచ్చారు. బంగినపల్లి ఊరి పేరు, కలెక్టరు ఇంగ్లీషు మాట, అలా మామిడి పేర్లన్నీ పేర్ల కిందకే వస్తాయని మేం వాదించి గెలిచాం. ఇక ఆ తోటంతా మా నోళ్ళలోకి వచ్చేసింది. పెద్ద మేడమ్ గారు కలెక్టరు కాయ. తోలు మందం, ముట్టె వంకర, పులుపు. వంట చూసే లావుపాటి ఆవిడ పెద్దరసం. కుట్టు నేర్పే టీచరమ్మ చెరకురసం.

చెరకురసం అనే పేరు పెట్టింది నేనే. ఆవిడ చింతలపూడి వైపు మనిషి. భర్త పోయాక ఈ ఉద్యోగంలో చేరింది. బడి వెనక ఇచ్చిన ఒక్క గదిలో, మంచం దిగలేని తల్లితో ఉండేది. నెమ్మదైన గొంతు. సూదిలో దారం ఎక్కించడం చేతకాక నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజున, నా వెనక్కి వచ్చి, నా రెండు చేతుల్నీ తన చేతుల్లో పట్టుకుని ఎక్కించి చూపించింది. ఇంకెవరూ గదిలో లేరు. తలుపు దగ్గరకు వేసి వచ్చి, "మీ ఊళ్ళో కోత మొదలెట్టారా పిల్లా?" అని అడిగింది. తెలుగులో. నేను భయంతో తలుపు వైపు చూశాను. "ఫరవాలేదే, ఇక్కడ ఎవరున్నారు? నాకూ నాలుక తిమ్మిరెక్కుతోంది" అంది.

ఆ తర్వాత కుట్టు గది నాకు పుట్టిల్లు అయింది. మిగతా పిల్లలు వెళ్ళిపోయాక, గుడ్డ ముక్కలు ఏరే నెపంతో నేను ఉండిపోయేదాన్ని. తోట ఊసులు, అక్క ఊసులు, మా పాడి గేదె ఊసులు అన్నీ ఆవిడకు చెప్పేదాన్ని. పూతకు తేనెమంచు పురుగు పట్టిందంటే ఇంగ్లీషులో ఏమని చెప్పాలి? అసలు మాకు పిందె వేరు, కాయ వేరు, పండు వేరు. ఇంగ్లీషులో అన్నిటికీ ఒక్క మాటే. ఆవిడకు అవన్నీ చెప్పకుండానే తెలుసు. "తేనెమంచు పడితే ఇంకేముంది, ఆకుల మీద కాలేస్తే అంటుకుపోతుంది" అనేది. ఆ మాటలు వినడం కోసం నేను వారమంతా ఇంగ్లీషు భరించేదాన్ని.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది, మార్చి నెలలో, ఇంటి నుంచి కబురు వచ్చింది. అక్కకు అంతకు ముందే పెళ్ళయింది. బావగారికి ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం. అక్కడ ఇల్లు దొరికిందనీ, మూడో ఆదివారం అక్కను కాపురానికి పంపుతున్నామనీ నాన్న రాశారు. శనివారం తనే వచ్చి నన్ను తీసుకెళ్తానన్నారు. ఆదివారం పొద్దున్నే అక్క బయల్దేరాలి. మా ఊరి నుంచి బెజవాడ స్టేషనుకు దారి మైలవరం మీదుగా. నూజివీడు ఆ దారిలో లేదు. అంటే శనివారం నేను ఇల్లు చేరకపోతే, అక్కను చూసే వీలు లేదు. ఖరగ్‌పూర్ అంటే ఎంత దూరమో నేను బడిలోని పటంలో వేలు పెట్టి చూశాను. మన రాష్ట్రం అయిపోయాక కూడా ఇంకా పోవాలి.

అక్కకు ఇవ్వడానికి నేను ఒక దిండు గలీబు కుడుతున్నాను. మూల మీద మామిడి కొమ్మ, రెండాకులు, మూడు పిందెలు. ఆకులకు కాడ కుట్టు, పిందెలకు నిండు కుట్టు. టీచరమ్మే గుడ్డ ఇచ్చి, పెన్సిలుతో బొమ్మ గీసి పెట్టింది. పిందె మీద కుట్టు వంకర పోతే ఊడదీయించేది. "మీ అక్క తలకింద పెట్టుకునేది, గరుకు తగిలితే నిన్నే తిట్టుకుంటుంది" అనేది. ఎవరికోసమో, ఎందుకోసమో ఆవిడకు అంతా తెలుసు. ఈ ముక్క ముఖ్యం. ఆ ఆదివారం నాకు ఎంత ముఖ్యమో తెలిసిన మనిషి ఆ బడిలో ఆవిడ ఒక్కర్తే.

ఆ వారం నేను ఎంత జాగ్రత్తగా ఉన్నానో చెప్పలేను. నిద్రలో ఎక్కడ తెలుగు మాట్లాడతానో అని నోటికి రుమాలు కట్టుకుని పడుకున్నాను. పక్క మంచం పిల్ల "షి ఈజ్ మ్యాడ్" అని నవ్వింది. శనివారం మధ్యాహ్నం కుట్టు క్లాసు అయిపోయే వేళకు టెంక పైతరగతి పిల్ల మెడలో ఉంది. నాకింకా ఒక పిందె మిగిలింది. అందరూ వెళ్ళిపోయారు. టీచరమ్మ నా పక్కన స్టూలు మీద కూర్చుని దారం తెంపుతూ, "మీ నాన్న వచ్చేశారా?" అని అడిగింది.

"వచ్చేశారండీ! మేడ మీంచి చూశాను. గేటు దగ్గర చెట్టు కింద కూర్చున్నారు, తలపాగా తీసి విసురుకుంటున్నారు" అన్నాను.

"అయితే కానీ, తొందరగా కుట్టు. మీ అక్క ఎదురుచూస్తూ ఉంటుంది."

"అక్క గారెలు వండుతానందండీ. నేను రాత్రంతా దాన్ని నిద్రపోనివ్వను, చూడండి!"

ఆ చివరి మాట నవ్వుతూ, గట్టిగా అన్నాను. సంతోషం వచ్చినప్పుడు గొంతు ఎంత పైకి పోతుందో ఆ వయసులో ఎవరికీ తెలియదు. తలెత్తేసరికి గుమ్మంలో పెద్ద మేడమ్ గారు నిలబడి ఉన్నారు.

ఇక్కడ తెలుగు మాట్లాడింది ఎవరని ఆవిడ ఇంగ్లీషులో అడిగారు. ఆవిడ రెండు గొంతులూ విన్నారనే నా అనుమానం. చూపు మాత్రం టీచరమ్మ మీదే ఉంది. నాకు భయం వేసిన మాట నిజమే. కానీ ఆ భయంలో కూడా ఒక ధీమా ఉంది. టీచరమ్మ ఉందిగా, ఏదో ఒకటి చెప్పి నన్ను గట్టెక్కిస్తుంది అనుకున్నాను. ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. స్టూలు మీంచి లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, మంచి ఇంగ్లీషులో, "ఈ అమ్మాయే మేడమ్. నేను మందలించబోతున్నాను, ఈలోగా మీరు వచ్చారు" అంది.

టీచరే ముందు అడిగారు అని నేను చెప్పకపోయింది ఇంగ్లీషు రాక కాదు. ఆవిడ అలా అన్నదన్న సంగతి ఇంకా నా లోపలికి దిగలేదు. టెంక తెప్పించమన్నారు పెద్ద మేడమ్ గారు. పైతరగతి పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. దాని ముఖంలో వెలుగు నాకు ఇప్పటికీ కనపడుతుంది. మేడమ్ గారు టెంకను టీచరమ్మ చేతికి ఇప్పించి, మీరే కట్టండి అన్నారు. టీచరమ్మ నా రెండు జడలూ ముందుకు తీసి, నా వెనక నిలబడి కట్టింది. నాకు సూదిలో దారం ఎక్కించిన చేతులే. కుట్టు చివర దారం ఊడిపోకుండా వేస్తామే, అలాంటి ముడి వేసింది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. వణకలేదు. వణికితే బాగుండేదని నేను తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

గంట కొట్టడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. వేరే ఎవరినైనా పట్టుకుంటే బయటపడొచ్చు. నేను వరండాలన్నీ తిరిగాను. శనివారం సాయంత్రం కదా, నన్ను చూడగానే పిల్లలు పెదాలు బిగించుకుని పక్కకు తప్పుకున్నారు. మెట్ల దగ్గర ఒక చిన్నపిల్ల ఎదురైంది. ఆ ఏడే చేరింది, పాలపళ్ళు ఊడుతున్న పిల్ల. నా మెడలో ఏముందో చూసుకోకుండా, "అక్కా, మీ నాన్నారొచ్చారు! నాకు జామకాయిచ్చారు!" అంది.

తెలుగు. స్పష్టంగా, నా చెవులారా విన్నాను. చేతులు రెండూ మెడ వెనక్కి పోయాయి. ముడి విప్పబోయాను. గోళ్ళతో లాగాను. ఆ ముడి రాలేదు. పిల్ల అప్పటికి సంగతి అర్థమై, జామకాయ రెండు చేతులతో గుండెకు అదుముకుని, పారిపోవడం కూడా తెలియక అక్కడే నిలబడిపోయింది. నేను ముడి లాగుతూనే ఉన్నాను, గంట కొట్టారు. ఆ పిల్లను చూసి జాలిపడి వదిలేశానని చెప్పుకుంటే నాకు బాగానే ఉంటుంది. కానీ ముడి విడిపోయి ఉంటే కట్టేదాన్నో మానేదాన్నో నాకు తెలియదు.

మేడ మీద వరండాలోంచి గేటు కనపడేది. అక్కడికి వెళ్ళి కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. టీచరమ్మ కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి పట్టుకుని గేటు వైపు నడుస్తోంది. నాన్న లేచి నిలబడి, తలపాగా చంకలో పెట్టుకుని నమస్కారం పెట్టారు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. మాటలు నాకు వినపడవు. కానీ నాకు మళ్ళీ ఆశ పుట్టింది. నాన్నకు ఉన్న సంగతి చెబుతోంది, పెద్ద మేడమ్ గారి దగ్గరకు వెళ్ళి అడగండి అని చెబుతోంది, నాన్న ఇప్పుడు లోపలికి వస్తారు అనుకున్నాను. నాన్న లోపలికి రాలేదు. పొట్లం అందుకుని, మేడ వైపు ఒకసారి తలెత్తి చూశారు. ఎండ కళ్ళలో పడి నన్ను పోల్చుకోలేదో ఏమో. ఆఖరి బస్సు వేళయింది, గబగబా వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం గురించి రాయడానికి ఏమీ లేదు. పొద్దున అక్క బండి ఎక్కే వేళ, మధ్యాహ్నం మైలవరం దాటే వేళ, రాత్రి రైలు కదిలే వేళ, ఒక్కొక్కటీ మనసులో లెక్కవేసుకుంటూ కూర్చున్నాను.

సోమవారం క్లాసు అయ్యాక టీచరమ్మ నన్ను ఉండమంది. తలుపు ఈసారి గడియ పెట్టింది. "కోపమొచ్చిందా అమ్మా?" అంది, తెలుగులోనే. నేను నేల చూస్తున్నాను. "కిందటి వారం మా అందరినీ పిలిచి చెప్పారు. టీచర్ల నోట తెలుగు వినబడితే ఆ రోజే సామాను సర్దుకోవాలన్నారు. నాకీ గది పోతే మా అమ్మని ఏ చెట్టు కింద పడుకోబెట్టను, నువ్వే చెప్పు? నీకైతే ఒక్క ఆదివారం పోయింది. పెద్దయ్యాక నీకే తెలుస్తుంది" అంది. గలీబు తనే పూర్తిచేసి మా నాన్నకు ఇచ్చానని కూడా చెప్పింది. నా తల నిమరబోయింది.

నేను, "యెస్ టీచర్" అన్నాను.

ఆ తర్వాత ఆ బడిలో ఉన్నన్నేళ్ళూ నేను ఆవిడతో ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. కుట్టు గదిలో ఎవరూ లేకుండా చూసి ఆవిడ తెలుగులో పలకరించేది. "ఏమే, మాట్లాడవా? మీ తోటలో పూత ఎలా ఉంది?" అనేది. నేను ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా, ఎంత అడిగితే అంతే జవాబు చెప్పేదాన్ని. నా ఇంగ్లీషు అంత బాగుపడటానికి కారణం ఏమిటో పెద్ద మేడమ్ గారికి తెలియదు. ఆ ఏడాది బహుమతి నాకే ఇచ్చారు. టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

ఇంతవరకే అయితే, ఆవిడ భయపడింది, భయంలో ఎవరైనా అంతే అని నేను ఎప్పుడో సరిపెట్టుకునేదాన్ని. కానీ వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళాక ఇంకో సంగతి తెలిసింది. తోటలో కాయలు కోసి గడ్డిలో మాగేస్తున్నారు. నేను పక్కన కూర్చుని గడ్డి అందిస్తున్నాను. నాన్న తలెత్తకుండానే, "ఆ పరీక్ష బాగా రాశావా అమ్మా?" అని అడిగారు.

"ఏ పరీక్ష నాన్నా?"

"అదే, అక్క వెళ్ళేరోజు పెట్టారుగా. మీ కుట్టు టీచరమ్మ చెప్పిందిలే. సోమవారం పొద్దున్నే పరీక్షట, పిల్లే ఉండిపోతానంది, చదువుమీద దానికి అంత ధ్యాస అని తెగ మెచ్చుకుంది. ఎంత మర్యాదగల మనిషి! నాతో మన ఊరి తెలుగులో మాట్లాడింది."

గడ్డి నా చేతిలోనే ఉండిపోయింది. నేను ఉండిపోతానన్నానట. అక్కను చూడకపోయినా ఫరవాలేదన్నానట. పెద్ద మేడమ్ గారు గుమ్మంలో ఉన్నప్పుడు టీచరమ్మ అన్న మాట భయం పలికించిన మాట. గేటు దగ్గర అన్న మాట అలాంటిది కాదు. కుట్టు గది నుంచి గేటు దాకా చాలా దూరం. పొట్లం చుట్టి, నిదానంగా నడిచి వెళ్ళి, ఆలోచించి చెప్పింది. అంత దూరం నడిచే లోపల నిజం చెప్పడానికి ఎంత వ్యవధి ఉందో నాకు తెలుసు. మేడ మీంచి చూస్తూనే ఉన్నాను. పిల్లకు శిక్ష పడింది అని చెబితే నాన్న ఎందుకు అని అడుగుతారు, పెద్ద మేడమ్ గారి దాకా వెళ్తారు. అందుకని అడగడానికే వీల్లేని అబద్ధం ఎంచుకుంది. నన్ను చదివించాలని మా ఇంట్లో ఎవరు పట్టుబట్టారో ఆవిడకు చెప్పింది నేనే. ఆ అబద్ధం మా ఇంటికి సరిగ్గా సరిపోయింది.

నాన్నకు జరిగింది చెప్పాను. "పోనీలే, ఇప్పుడెందుకు అవన్నీ. బడి గురించి బయట చెడ్డగా చెప్పకు" అన్నారు. నమ్మారో లేదో కూడా తెలియలేదు.

అక్క రెండేళ్ళకు పురిటికి వచ్చింది. బండి దిగుతూనే నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమ్మా పరీక్షలదానా, ఇవాళ తీరిందా నీకు?" అంది. అందరూ నవ్వారు. రాత్రి దాని పక్కన పడుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. టెంక, ముడి, గుమ్మం, గేటు, ఏదీ వదల్లేదు. అక్క అంతా విని నా జుట్టు వెనక్కి దువ్వుతూ, "పిచ్చిమొద్దూ, ఇప్పుడు సంజాయిషీ ఎందుకే? చదువుకోమన్నది నేనే కదా. నాకేం కోపం లేదు. ఆ టీచరమ్మ మీద మాత్రం నెపం పెట్టకు. గలీబు ఎంత బాగా పూర్తిచేసి పంపిందో, నీకోసం నాన్న దగ్గర కళ్ళు తుడుచుకుందట కూడా" అంది.

కళ్ళు తుడుచుకున్న సంగతి నేను మేడ మీంచి చూడలేదు. జరిగే ఉంటుంది. ఆవిడ ఏడుపు అబద్ధమని నేను ఏనాడూ అనుకోలేదు.

తర్వాత అక్క బతికినన్నాళ్ళూ ఆ మాట మా మధ్య వేళాకోళంగానే ఉండిపోయింది. నేను లెక్కల టీచరునయ్యాను. ఉద్యోగం వచ్చినప్పుడు, "పరీక్ష ఊరికే పోలేదు" అంది. నా పెళ్ళిలో, "జాగ్రత్త బాబూ, మా చెల్లి పరీక్ష ఉందంటే మిమ్మల్నైనా వదిలేస్తుంది" అని మా ఆయనతో అంది. ఎప్పుడూ నవ్వుతూనే అనేది. ఆ నవ్వు అడుగున, చెల్లెలు రాలేదన్న చిన్న నలక ఉందని నాకొక్కదానికే తెలుసు. మరో రెండుసార్లు చెప్పబోయాను. వినలేదు. నేను చేయని తప్పుకు అక్క నన్ను మనస్ఫూర్తిగా క్షమించింది. ఆ మన్నింపు పుచ్చుకోవడం తప్ప నాకు దారి లేకపోయింది. ఇప్పుడు అక్క లేదు.

పెద్దయ్యాక నాకే తెలుస్తుందని టీచరమ్మ అంది. తెలిసింది. లెక్కలు చెప్పుకుని బతికినదాన్ని, ఆ లెక్క చాలాసార్లు వేసి చూశాను. ఒక వైపు ఒక పిల్లకు ఒక ఆదివారం. ఇంకో వైపు ఇద్దరు ఆడవాళ్ళకు తల మీద కప్పు. ఎన్నిసార్లు వేసినా ఆవిడకు వచ్చిన జవాబే నాకూ వచ్చింది. లెక్కలో తప్పు లేదు. కానీ అందులో పోయిన ఆదివారం నాది. నన్ను అడగలేదు. నోటితో కాదు, ఆ గుమ్మం ముందు నా వైపు ఒక్కసారి చూసి కళ్ళతో అడిగి ఉన్నా నేనే లేచి, తెలుగు మాట్లాడింది నేనేనని చెప్పేదాన్ని. ఆవిడంటే నాకు అంత ఇష్టం. పదేళ్ళ పిల్ల దగ్గర ఇవ్వడానికి ఏమైనా ఉంటుందని ఆవిడకు తోచలేదు. ఇస్తే నా చేతులతో ఇచ్చేదాన్ని. తీసుకుంది కాబట్టి ఇప్పటికీ ఇచ్చినట్టు లేదు.

నేను నూజివీడులోనే ఉంటున్నాను. సాయంత్రం పూట పక్కింటి కోడలు వచ్చి కూర్చుంటుంది. మంచి పిల్ల. నా మోకాళ్ళ సంగతి, మందుల సంగతి, అన్నీ ఓపిగ్గా అడుగుతుంది. మొన్న కూడా వచ్చి, కుర్చీ దగ్గరకు జరుపుకుని, "ఏంటి పిన్నిగారూ, ఇవాళ మొహం అలా ఉంది? నాకు చెప్పకూడదా?" అంది. అంత ఆప్యాయంగా అడిగితే ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. నోరు తెరవబోయి, ఆ పిల్ల భుజం మీదుగా గుమ్మం వైపు చూశాను.

"ఎవరి కోసమండీ చూస్తున్నారు?" అంది వెనక్కి తిరిగి. "అక్కడ ఎవరూ లేరు."

"లేరులే" అన్నాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని చెప్పాను.